మైనారిటీ ఫ్రెంచి విశ్వవిద్యాలయాల ఖర్చు ఎవరు భరించాలి: కెనడా పద్ధతుల పోలిక, ఎంపికకు కొన్ని సూచనలు

కెనడాలో క్యుబెక్ రాష్ట్రాన్ని పక్కన పెడితే, ఫ్రెంచి మాతృభాషగా ఉన్నవారు దాదాపు పది లక్షల మంది దేశమంతటా చెదిరి ఉన్నారు. న్యూబ్రన్‌స్విక్ జనాభాలో వారు ఇంచుమించు మూడో వంతు. ఆంటారియోలో తలలు లెక్కపెడితే మిగతా అన్ని చోట్లకంటె ఎక్కువ మంది కనిపిస్తారు గాని, అంత పెద్ద రాష్ట్రంలో వారు నూటికి నలుగురికి మించరు. మానిటోబా, నోవాస్కోషియా, ఆల్బర్టాలలో ఆ పాలు ఇంకా పలచబడుతుంది. ఈ కుటుంబాల పిల్లలు బడి చదువు ముగిసేవరకు ఫ్రెంచిలో చదువుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. 1982 నాటి హక్కుల చార్టర్‌లోని 23వ సెక్షన్, పిల్లల సంఖ్య తగినంతగా ఉన్నచోట ప్రభుత్వ ధనంతో ఆ చదువు చెప్పించి తీరాలని రాష్ట్రాలను ఆదేశిస్తుంది. అయితే ఆ సెక్షన్ ప్రాథమిక, మాధ్యమిక విద్యల దగ్గరే ఆగిపోతుంది. పన్నెండో తరగతి పూర్తయిన జూన్ నెలలో హక్కుదారుగా ఉన్న పిల్లవాడు, అదే ఏడాది సెప్టెంబరులో విశ్వవిద్యాలయం గడప తొక్కేసరికి ప్రభుత్వ దయపై ఆధారపడిన అర్జీదారుగా మారిపోతాడు.

ఆ దయ ఏ ప్రభుత్వానిది కావాలి, ఏ రూపంలో రావాలి అన్నదే ఇక్కడ పోల్చి చూడవలసిన విషయం. రాష్ట్రం ఒక్కటే భరించడం, పెద్ద విశ్వవిద్యాలయం కప్పు కింద ఫ్రెంచి విభాగాన్ని పోషించడం, సమాఖ్య ప్రభుత్వం నేరుగా ఇవ్వడం, రెండు ప్రభుత్వాలు గడువు ఒప్పందంతో పంచుకోవడం అనే నాలుగు దారులనూ కెనడా ఏదో ఒక కాలంలో, ఏదో ఒక చోట నడిచి చూసింది. వీటిని తూచడానికి నేను వాడుతున్న తూనిక ఒక్కటే: ఖజానాకు కరువు వచ్చిన ఏడాది ఆ సంస్థ ఎవరి తలుపు తట్టగలదు, ఆ తలుపు తెరుచుకోకపోతే నిలదీసి అడగడానికి దాని చేతిలో ఏముంది? ప్రారంభోత్సవాల నాడు అన్ని పద్ధతులూ బాగానే కనిపిస్తాయి కాబట్టి ఆ రోజు చూసి ఎంచుకోవడం వృథా.

అధికారం ఒకరిది, బొక్కసం ఇంకొకరిది

1867 నాటి రాజ్యాంగ చట్టంలోని 93వ సెక్షన్ విద్యను పూర్తిగా రాష్ట్రాలకు అప్పగించింది. మన దేశంలో 1976 నాటి సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చినట్టు అక్కడ ఎన్నడూ రాలేదు. కెనడాలో కేంద్ర విద్యాశాఖ అనేదే లేదు. హైదరాబాదులో 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాన్ని పార్లమెంటు చట్టంతో స్థాపించి కేంద్రం పోషిస్తున్న తరహా ఏర్పాటు ఒట్టావాకు, అంటే రాజధానిలోని సమాఖ్య ప్రభుత్వానికి, అందుబాటులో లేదు. పోలిక మరొక వైపు నుంచి మాత్రం సరిగ్గా కుదురుతుంది. మన రాజ్యాంగంలోని 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధనా సౌకర్యం కల్పించాలంటూ ప్రాథమిక దశ దగ్గర ఆగినట్టే, కెనడా చార్టర్ బడి దగ్గర ఆగింది. ఉన్నత విద్యలో భాషాహక్కును రాయడానికి రాజ్యాంగకర్తలు ఎక్కడైనా జంకుతారేమో!

అధికారం లేకపోయినా డబ్బు మాత్రం ఒట్టావా ఇస్తూనే వచ్చింది. 1951లో కళలు, విజ్ఞాన రంగాల స్థితిని పరిశీలించిన మాసీ కమిషన్ సిఫారసు మీద ప్రధాని సెంట్ లారెంట్ ప్రభుత్వం విశ్వవిద్యాలయాలకు నేరుగా గ్రాంట్లు మొదలుపెట్టింది. క్యుబెక్ ప్రధాని దుప్లెసీ ఒక్క ఏడాది ఆ సొమ్ము తీసుకోనిచ్చి, ఆ తరువాత ఇది రాష్ట్రాధికారంలో చొరబడటమేనంటూ తన రాష్ట్రపు విశ్వవిద్యాలయాలను అందుకోనివ్వలేదు. రాష్ట్రాల పట్టుదల ఫలితంగా 1967లో ఆ నేరు గ్రాంట్లు రద్దయి, వాటి స్థానంలో రాష్ట్రాల ఖజానాకు బదిలీలు వచ్చాయి. నేటి కెనడా సామాజిక బదిలీ వాటి వారసురాలే. ఇక ఫ్రెంచి చదువుకు ప్రత్యేకంగా ఇచ్చే సొమ్ము, 1969 అధికార భాషల చట్టం తరువాత 1970లో మొదలైన పథకం ద్వారా, రాష్ట్రాలతో కుదుర్చుకునే ఒప్పందాల రూపంలో వెళుతోంది. అందులో రాష్ట్రం కూడా సమానంగా వేసుకోవాలన్నది సాధారణ నియమం. 2023 జూన్‌లో సవరించిన అధికార భాషల చట్టం, పసిప్రాయం నుంచి ఉన్నత విద్య వరకు మైనారిటీలు తమ భాషలో నాణ్యమైన చదువు చదువుకునే అవకాశాలను పెంపొందించడానికి సమాఖ్య ప్రభుత్వం కట్టుబడి ఉందని రాసుకుంది. కట్టుబడి ఉండటం వేరు, ఇంత సొమ్ము ఇవ్వాలని ఉండటం వేరు. చట్టంలో రెండోది లేదు.

రాష్ట్రమే భరించే పద్ధతి

దీనికి మేలైన నమూనా న్యూబ్రన్‌స్విక్. అకాడియన్ వంశీయుడైన, అంటే తూర్పు తీరపు పాత ఫ్రెంచి స్థిరనివాసుల సంతతివాడైన, రాష్ట్ర ప్రధాని లూయీ రోబిషో కాలంలో, 1963లో, చెదిరిన కేథలిక్ కళాశాలలను కూడగట్టి మాంక్టన్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మాంక్టన్, ఎడ్మండ్‌స్టన్, షిపగాన్‌లలో దానికి మూడు ప్రాంగణాలున్నాయి. 1978 నుంచి అక్కడ ఇంగ్లండు సంప్రదాయపు న్యాయశాస్త్రాన్ని ఫ్రెంచిలో బోధిస్తున్నారు. 2006 నుంచి షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయం సహకారంతో వైద్యవిద్య కూడా నడుస్తోంది. ఈ సంస్థకు బలం రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి, ఓటర్లలో మూడో వంతు మంది ఫ్రెంచివారు కావడం వల్ల దాని బడ్జెట్టు మీద చెయ్యి వేసే సాహసం ఏ పార్టీకీ తేలిగ్గా రాదు. రెండు, 1993లో చార్టర్‌లో చేర్చిన 16.1 సెక్షన్ ఆ రాష్ట్రంలోని ఇంగ్లీషు, ఫ్రెంచి సమాజాలకు సమాన హోదాతో పాటు విడివిడి విద్యాసంస్థలు కలిగి ఉండే హక్కును ఇచ్చింది. ఆ మాటలు బడికే పరిమితమని అందులో లేదు. ఈ రెండూ ఒక్కచోట ఉన్న రాష్ట్రం దేశంలో మరొకటి లేదు. నోవాస్కోషియాలో 1890 నుంచి నడుస్తున్న సెంటాన్ విశ్వవిద్యాలయం సైతం రాష్ట్ర పోషణలోనే ఉంది గాని, అది చిన్న తీరప్రాంత సమాజం మీద నిలబడిన చిన్న సంస్థ.

ఓట్ల బలం లేనిచోట ఇదే పద్ధతి ఎలా ఉంటుందో 2018లో ఆంటారియో చూపించింది. దశాబ్దాల ఉద్యమం తరువాత, 2017 డిసెంబరులో కాథ్లీన్ విన్ ప్రభుత్వం ఆంటారియో ఫ్రెంచి విశ్వవిద్యాలయాన్ని చట్టం చేసి స్థాపించింది. ఆర్నెల్లకు ప్రభుత్వం మారింది. 2018 నవంబరు 15న డగ్ ఫోర్డ్ ప్రభుత్వం లోటు బడ్జెట్టును కారణంగా చూపి ఆ విశ్వవిద్యాలయాన్ని రద్దు చేస్తున్నట్టు, ఫ్రెంచి సేవల కమిషనర్ స్వతంత్ర కార్యాలయాన్ని ఎత్తివేస్తున్నట్టు ఒకే ప్రకటనలో చెప్పింది. ఫ్రాంకో-ఆంటారియన్లు, అంటే ఆంటారియోలోని ఫ్రెంచివారు, ఆ రోజును నల్ల గురువారం అని పిలుచుకుంటారు. డిసెంబరు 1న రాష్ట్రమంతటా వేలాది మంది ఆకుపచ్చ, తెలుపు జెండాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. అధికారపక్ష సభ్యురాలు అమాండా సిమార్డ్ పార్టీనే వదిలేశారు. ఇంత జరిగినా ఆ నిర్ణయాన్ని మార్చింది నినాదాలు కావు, ఒట్టావా తెచ్చిన చెక్కు. దాని కథ తరువాత చూద్దాం. చట్టసభ చేసిన చట్టంతో పుట్టిన సంస్థనైనా నిధుల పద్దు తెరవకుండా ఆపేయవచ్చన్నది ఇందులో గమనించవలసిన సంగతి. స్థాపన చట్టం ప్రాణం పోస్తుంది గాని తిండి పెట్టదు.

పెద్ద కప్పు కింద చిన్న గది

ఆంటారియోలో ఫ్రెంచి ఉన్నత విద్యలో అధిక భాగం చాలాకాలంగా ద్విభాషా విశ్వవిద్యాలయాల్లోనే సాగుతోంది. 1848లో పుట్టిన ఒట్టావా విశ్వవిద్యాలయం, టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్లెండన్ కళాశాల, 1960లో సడ్బరీలో స్థాపించిన లారెన్షియన్ ఈ కోవలోవి. పొదుపు కోణం నుంచి ఈ పద్ధతికి సాటి లేదని మొదటే ఒప్పుకోవాలి. గ్రంథాలయం, ప్రయోగశాల, రిజిస్ట్రారు కార్యాలయం, హాస్టలు అన్నీ ఉమ్మడివే. ఫ్రెంచి విద్యార్థికి పెద్ద విశ్వవిద్యాలయపు పేరు, పరిశోధనావకాశాలు అదనపు ఖర్చు లేకుండా దక్కుతాయి. ప్రభుత్వం కూడా ద్విభాషా బోధన అదనపు ఖర్చుకని ఒక ప్రత్యేక గ్రాంటు ఇచ్చి తన వంతు తీరిందనుకుంటుంది.

చిక్కు లెక్కల్లో ఉంది. విశ్వవిద్యాలయాల మూల గ్రాంటు ప్రధానంగా విద్యార్థుల సంఖ్యను బట్టి వస్తుంది. అరవై మంది కూర్చున్న ఇంగ్లీషు తరగతికీ, పన్నెండు మంది కూర్చున్న ఫ్రెంచి తరగతికీ అధ్యాపకుడి జీతం ఒకటే. కాబట్టి సంస్థ లెక్కల పుస్తకంలో ఫ్రెంచి కోర్సు ఎప్పుడూ నష్టం వచ్చే పద్దుగానే కనిపిస్తుంది. నిజానికి అది నష్టం కాదు, మైనారిటీ భాషలో చదువు చెప్పడానికి సహజంగా అయ్యే ఖర్చు. కానీ కోత కత్తి పట్టుకున్నవారికి ఆ తేడా కనిపించదు.

లారెన్షియన్‌లో జరిగింది అదే. 2021 ఫిబ్రవరి 1న ఆ విశ్వవిద్యాలయం, దివాలా తీసే కంపెనీలు అప్పులవాళ్ల నుంచి రక్షణ కోసం వాడుకునే చట్టం కింద కోర్టును ఆశ్రయించింది. కెనడాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఆ పని చేయడం అదే మొదలు. ఏప్రిల్ 12న 69 కోర్సులు మూతపడ్డాయి. వాటిలో 28 ఫ్రెంచి కోర్సులు. క్యుబెక్ వెలుపల ఫ్రెంచిలోనూ మంత్రసాని శాస్త్రం నేర్పుతున్న కోర్సు కూడా ఆ జాబితాలో పోయింది. వందకు పైగా అధ్యాపకులు ఉద్యోగాలు కోల్పోయారు. 1913 నాటి జెస్యూట్ కళాశాల వారసత్వం ఉన్న సడ్బరీ విశ్వవిద్యాలయంతో పాటు మరో రెండు అనుబంధ సంస్థలతో ఒప్పందాలను కూడా లారెన్షియన్ తెంచుకుంది. 2022 నవంబరులో ఆంటారియో ఆడిటర్ జనరల్ బోనీ లైసిక్ ఇచ్చిన నివేదిక, సరైన ప్రణాళిక లేకుండా చేపట్టిన భవన నిర్మాణాల అప్పులే ఈ స్థితికి ప్రధాన కారణమనీ, ఆ చట్టాన్ని ఆశ్రయించవలసిన అవసరమే లేదనీ తేల్చింది. భవనాల అప్పుకు ఫ్రెంచి కోర్సులు మూల్యం చెల్లించాయన్నమాట. ఆ భవనాలు కట్టాలా వద్దా అన్న నిర్ణయంలో ఫ్రెంచి సమాజానికి విడిగా ఓటు లేదు. ఉన్న సభ్యులు పాలకమండలిలో మైనారిటీ.

ఆల్బర్టాలో ఇదే కథ కొంచెం మెల్లగా నడిచింది. ఎడ్మంటన్‌లోని సెంజాన్ ప్రాంగణం 1908లో ఓబ్లేట్ మతగురువులు మొదలుపెట్టిన బడి నుంచి పెరిగింది. 1976లో వారు, రాష్ట్ర ప్రభుత్వం, ఆల్బర్టా విశ్వవిద్యాలయం కలిసి రాసుకున్న ఒప్పందం ప్రకారం అది ఆ విశ్వవిద్యాలయంలో ఒక ఫ్యాకల్టీగా చేరింది. కొన్నేళ్ల క్రితం రాష్ట్రం ఉన్నత విద్యకు వరుసగా కోతలు పెట్టినప్పుడు అవి ఈ ప్రాంగణం మీదా పడ్డాయి. ఆల్బర్టా ఫ్రెంచి-కెనడియన్ సంఘం 2020 ఆగస్టులో రాష్ట్రం మీద, విశ్వవిద్యాలయం మీద దావా వేసింది. 1976 ఒప్పందం ప్రకారం ప్రాంగణాన్ని పోషించి పెంచవలసిన బాధ్యతను ఇద్దరూ విస్మరించారన్నది దాని వాదన. ఇక్కడొక చిన్న తేడా గమనించదగినది. సెంజాన్ సమాజం కోర్టుకు వెళ్లగలిగింది, ఎందుకంటే చేతిలో సంతకాలున్న కాగితం ఉంది. లారెన్షియన్‌లో మూతపడిన కోర్సుల విద్యార్థుల చేతిలో అటువంటిది లేదు.

ఈ రెంటికీ మధ్యేమార్గం మానిటోబాలో కనిపిస్తుంది. విన్నిపెగ్‌లోని సెంబోనిఫాస్ విశ్వవిద్యాలయం తన మూలాలను 1818 దాకా వెనక్కి లెక్కించుకుంటుంది. 2011లో విశ్వవిద్యాలయ హోదా పొందింది. మానిటోబా విశ్వవిద్యాలయంతో విద్యావిషయిక అనుబంధం ఉంచుకుంటూనే సొంత పాలకమండలి, సొంత పద్దు నడుపుకుంటుంది. పట్టా విలువ కోసం పెద్ద కప్పు, డబ్బు విషయంలో సొంత గల్లాపెట్టె. ఫ్రాంకో-ఆంటారియన్లు ‘పార్ ఎ పూర్’ అని అడిగేది, అంటే ‘మా చేత, మా కోసం’ అనేది, ఆచరణలో ఇలాగే ఉంటుంది. ఉత్తర ఆంటారియోలో 1953 నాటి హర్స్ట్ సంస్థ లారెన్షియన్ అనుబంధం నుంచి బయటపడి 2022లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. లారెన్షియన్ పతనంలో అది కొట్టుకుపోకుండా నిలవడానికి, అనుబంధంగా ఉన్న కాలంలోనూ సొంత పాలన ఉండటం ఎంతో తోడ్పడింది.

ఒట్టావా ఇచ్చే పద్ధతులు

రాష్ట్రాలు ఇలా చేస్తుంటే కేంద్రమే నేరుగా ఇవ్వవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. 1951 నుంచి 1967 వరకు ఇచ్చింది, రాష్ట్రాలు ఒప్పుకోలేదు. ఇప్పుడు పరిస్థితి ఇంకా బిగిసింది. విశ్వవిద్యాలయాలతో సహా తన పరిధిలోని సంస్థలేవీ తన ముందస్తు అనుమతి లేకుండా సమాఖ్య ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోకూడదని ఆల్బర్టా 2024లో చట్టం చేసింది. క్యుబెక్‌లో అటువంటి నియమం ఎప్పటినుంచో ఉంది. నేరు గ్రాంటును ఆదర్శంగా భావించేవారు ఒక సంగతి మరిచిపోతున్నారని నా అభిప్రాయం: ఒట్టావా నేరుగా ఇవ్వడం మొదలుపెట్టిన మరుక్షణం రాష్ట్రం తన చేతిని వెనక్కి తీసుకోవడానికి మంచి సాకు దొరుకుతుంది. అధికారం లేని దాత, బాధ్యత లేని అధికారి కలిసి సంస్థను నడపడం కన్నా ప్రమాదకరమైన ఏర్పాటు ఉండదు.

అందుకే ఆచరణలో మిగిలింది ఉమ్మడి ఒప్పందమే. ఆంటారియో ఫ్రెంచి విశ్వవిద్యాలయాన్ని బ్రతికించింది అదే. 2019 సెప్టెంబరులో కుదిరిన అవగాహనకు 2020 జనవరిలో తుదిరూపం ఇచ్చి, ఎనిమిదేళ్లకు 12.6 కోట్ల డాలర్లను రెండు ప్రభుత్వాలు చెరి సగం భరించేలా రాసుకున్నాయి. 2021 సెప్టెంబరులో టొరంటో సరస్సు ఒడ్డున తరగతులు మొదలయ్యాయి. తొలి ఏడాదుల్లో చేరికలు ఆశించిన స్థాయికి చేరలేదని విమర్శకులు వేలెత్తి చూపారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఒకసారి రద్దయి, గడువున్న సొమ్ముతో తిరిగి పుట్టి, మహమ్మారి మధ్యలో తలుపులు తెరిచిన సంస్థలో ఇద్దరు పిల్లలను చేర్పించడానికి ఏ తండ్రి అయినా రెండుసార్లు ఆలోచిస్తాడు. నిధుల అస్థిరత చేరికలను తగ్గిస్తుంది. తగ్గిన చేరికలు మళ్లీ కోతకు సాక్ష్యంగా మారతాయి. ఈ చక్రాన్ని లెక్కలోకి తీసుకోకుండా చేరికల సంఖ్యను మాత్రమే చూపడం న్యాయం కాదు.

దేశవ్యాప్తంగా వెళ్లే సమాఖ్య సొమ్ము సంగతి చూస్తే గడువు జబ్బు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 2021 బడ్జెట్టులో మైనారిటీ భాషల ఉన్నత విద్యకు మూడేళ్లకు 12.13 కోట్ల డాలర్లు ప్రకటించారు. అదే ఏడాది ఎన్నికల్లో లిబరల్ పార్టీ దీన్ని ఏటా 8 కోట్లకు పెంచి శాశ్వతం చేస్తామని మాటిచ్చింది. 2023లో వచ్చిన అయిదేళ్ల కార్యాచరణ ప్రణాళిక మొత్తం విలువ 410 కోట్ల డాలర్లకు పైబడింది గాని, అందులో ఈ పద్దుకు దక్కింది నాలుగేళ్లకు 12.8 కోట్లు, అంటే సగటున ఏడాదికి 3.2 కోట్లు. వాగ్దానంలో సగానికన్నా తక్కువ, పైగా శాశ్వతం కాదు. ఈ సొమ్ములో చాలా భాగం కొత్త కోర్సు, కొత్త పథకం పేరుతో ప్రతిపాదనలు పంపితే వచ్చేది కావడం వల్ల, ఉన్న అధ్యాపకుడి జీతానికి కటకటలాడుతున్న కళాశాల సైతం కొత్త కోర్సు ఒకటి ప్రారంభించవలసి వస్తుంది. ఇల్లు కారుతుంటే పెంకులకు డబ్బు ఇవ్వక, కొత్త వరండా కట్టుకుంటే ఇస్తామన్నట్టుంటుంది వ్యవహారం.

ఈ లోటును ఇన్నాళ్లూ చాలా సంస్థలు విదేశీ విద్యార్థుల ఫీజులతో పూడ్చుకున్నాయి. ఫ్రెంచి సంస్థలకు ఆఫ్రికా దేశాల నుంచి వచ్చేవారు ఆధారం. 2024 జనవరిలో ఒట్టావా విద్యార్థి పర్మిట్లకు పరిమితి విధించడంతో ఆ ఊత కూడా బలహీనపడింది. ఆ ఆగస్టులో ఫ్రెంచి మైనారిటీ సమాజాల సంస్థల్లో చేరేవారికి శాశ్వత నివాసం వైపు దారి చూపే ప్రత్యేక పథకం ఒకటి తెచ్చారు గాని, విదేశీ విద్యార్థి ఫీజు మీద మైనారిటీ భాషా విద్యను నిలబెట్టడం ఏ ప్రభుత్వానికైనా బాధ్యత నుంచి తప్పుకోవడమే.

అద్దంలో క్యుబెక్

క్యుబెక్‌లో మైనారిటీ ఇంగ్లీషువారు. మెక్‌గిల్, కాంకోర్డియా, బిషప్స్ అనే మూడు ఇంగ్లీషు విశ్వవిద్యాలయాలకు రాష్ట్రమే నిధులిస్తుంది. ఇంత బలమైన సంస్థలున్న మైనారిటీకి భయమేమిటని చాలాకాలం అనుకునేవారు. 2023 అక్టోబరులో రాష్ట్రం, బయటి రాష్ట్రాల నుంచి వచ్చే కెనడా విద్యార్థుల ఫీజును దాదాపు రెట్టింపు చేస్తామని ప్రకటించి, డిసెంబరుకల్లా దాన్ని 12,000 డాలర్లకు సర్దింది. ఆ విద్యార్థుల్లో నూటికి ఎనభై మంది పట్టా నాటికి ఫ్రెంచి నేర్చి తీరాలన్న షరతు కూడా పెట్టింది. 2025 ఏప్రిల్‌లో అక్కడి సుపీరియర్ కోర్టు ఆ పెంపును తగిన ఆధారాలు లేని అహేతుక నిర్ణయమని కొట్టివేసింది. రెండు వందల ఏళ్ల చరిత్ర ఉన్న మెక్‌గిల్ సైతం ఒక్క ప్రకటనతో తడబడిందంటే, ఒక్క రాష్ట్రం మీదే ఆధారపడటంలోని అపాయం ఫ్రెంచివారికి మాత్రమే పరిమితం కాదని అర్థమవుతుంది.

కోర్టు దారి

బడుల విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన 1990 నాటి మహే తీర్పు నుంచి 2020లో బ్రిటిష్ కొలంబియా ఫ్రెంచి బడుల తీర్పు వరకు కోర్టులు మైనారిటీకి గట్టిగానే అండగా నిలిచాయి. ఒట్టావాలోని మోంఫోర్ ఆసుపత్రి కేసులో 2001లో ఆంటారియో అప్పీలు కోర్టు, అల్పసంఖ్యాకుల రక్షణ రాజ్యాంగంలో రాయని మూలసూత్రమని ప్రకటించి, ఫ్రెంచిలో వైద్యసిబ్బందికి శిక్షణనిచ్చే ఆ సంస్థను కుదించకుండా కాపాడింది. విశ్వవిద్యాలయాలకు ఈ సూత్రం వర్తిస్తుందని ఆశించవచ్చు, నమ్ముకుని కూర్చోలేము. కోర్టు రద్దును ఆపగలదు, ఏటా ఎంత ఇవ్వాలో చెప్పదు.

ఏ సమాజానికి ఏది

ఫ్రెంచివారు ఓటర్లలో గణనీయమైన భాగంగా ఉండి, రాజ్యాంగ రక్షణ కూడా ఉన్న న్యూబ్రన్‌స్విక్‌లో రాష్ట్రమే ప్రధాన దాతగా ఉండటం మంచిది. అక్కడ సమాఖ్య సొమ్మును వైద్యవిద్య వంటి ఖరీదైన కోర్సులకు అదనపు బలంగా వాడుకోవాలి తప్ప మూల వ్యయానికి దాని మీద ఆధారపడకూడదు.

ఆంటారియో వంటి చోట, అంటే జనం లక్షల్లో ఉండి ఓటు బలం పలచగా ఉన్నచోట, ఉమ్మడి ఒప్పందమే శరణ్యం. అయితే గడువు ముగిసే ఒప్పందం కాదు. రాష్ట్రం తన మూల గ్రాంటు సూత్రంలోనే చిన్న తరగతుల ఖర్చును గుర్తించే ప్రత్యేక గుణకాన్ని చేర్చాలి. ఒట్టావా దానికి సమానంగా శాశ్వత వార్షిక వాటా జతచేయాలి. ఒకరు తగ్గిస్తే రెండోవారి వాటా కూడా ఆగిపోతుందని రాసుకోవాలి. ఈ చివరి షరతు సంస్థకు హాని అనిపించవచ్చు గాని, నా దృష్టిలో అదే అసలు కాపలా. ఫ్రెంచి విశ్వవిద్యాలయానికి ఒక డాలరు కోసేస్తే కేంద్రం నుంచి రావలసిన మరో డాలరు కూడా పోతుందని తెలిసినప్పుడు, కోతలు వెతుకుతున్న ఆర్థికమంత్రి చూపు వేరే పద్దు మీదికి మళ్లుతుంది. 2018లో అటువంటి షరతు ఏదీ లేదు కాబట్టే ఒక్క ప్రకటన సరిపోయింది.

ఆల్బర్టా, సస్కాచెవాన్ వంటి చోట్ల స్వతంత్ర విశ్వవిద్యాలయం కోసం పట్టుబట్టడం కన్నా పెద్ద కప్పు కింద ఉండటమే వాస్తవికం. కానీ లారెన్షియన్ తరహాలో కాదు, సెంబోనిఫాస్ తరహాలో. విడి పద్దు, విడి పాలకమండలి, ఫ్రెంచి పేరిట వచ్చిన గ్రాంటు తల్లి సంస్థ సాధారణ ఖాతాలో కలవకుండా కంచె, వీటిని సంతకాలున్న త్రైపాక్షిక ఒప్పందంలో రాయించుకోవాలి. కంచె లేని ద్విభాషా సంస్థను మాత్రం, ఎంత చౌక అయినా, ఏ రాష్ట్రానికీ నేను సిఫారసు చేయను.

తెలుగు కుటుంబాలు చూసుకోవలసినవి

కెనడాలో స్థిరపడిన మన కుటుంబాల్లో పిల్లలను ఫ్రెంచి ఇమ్మర్షన్ బడుల్లో, అంటే ఇంట్లో ఫ్రెంచి లేని పిల్లలకు పాఠాలు ఎక్కువగా ఫ్రెంచిలోనే చెప్పే బడుల్లో, చేర్పించినవారు కొందరున్నారు. ఆ పిల్లలు పన్నెండో తరగతి దాటాక ఫ్రెంచిలోనే డిగ్రీ చదవాలా అన్న ప్రశ్న ఇళ్లలో వస్తుంది. సెంజాన్, సెంబోనిఫాస్ వంటి చోట్ల ఇమ్మర్షన్ నుంచి వచ్చినవారు ఇప్పటికే పెద్ద సంఖ్యలో ఉన్నారు; ఒట్టావా విశ్వవిద్యాలయం 2006 నుంచి వారికి ప్రత్యేక ఇమ్మర్షన్ విధానమే నడుపుతోంది. ఫీజు, ర్యాంకు, వసతి ఎలాగూ చూస్తారు. వాటితో పాటు ఆ కోర్సు నడుస్తున్న సొమ్ము మూల గ్రాంటుదా, గడువున్న ప్రాజెక్టుదా అని ప్రవేశాల కార్యాలయాన్ని నేరుగా అడగండి. ప్రాజెక్టుదయితే అది ఏ ఏడాది ముగుస్తుందో, మీ పిల్ల నాలుగో సంవత్సరం అప్పటికి పూర్తవుతుందో లెక్క వేసుకోండి. ద్విభాషా సంస్థ అయితే మూడో, నాలుగో సంవత్సరాల పాఠ్యాంశాలు నిజంగా ఫ్రెంచిలోనే దొరుకుతున్నాయా, లేక మొదటి రెండేళ్లు ఫ్రెంచి, తరువాత ఇంగ్లీషు తరగతులేనా అన్నది పాత టైంటేబుళ్లు తిరగేస్తే తెలిసిపోతుంది. కోర్సు మూతపడితే చేరినవారిని పట్టాదాకా చదివించే హామీ రాతపూర్వకంగా ఉందా అని అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు. 2021 ఏప్రిల్‌లో సడ్బరీలో మధ్య సంవత్సరాల్లో ఉన్న విద్యార్థులు పరీక్షల రోజుల్లోనే తమ కోర్సు జాబితాలో లేదని తెలుసుకున్నారు.

ప్రస్తుత సమాఖ్య కార్యాచరణ ప్రణాళిక 2028 మార్చితో ముగుస్తుంది. ఆంటారియో ఫ్రెంచి విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన ఎనిమిదేళ్ల గడువు కూడా ఆ చుట్టుపక్కలే తీరుతుంది. ఆ తేదీలు దాటి చదవవలసిన కోర్సులో చేరేవారు, తరువాతి ఒప్పందం మీద సంతకాలు పడ్డాయో లేదో చూసుకున్నాకే అడ్మిషను ఖాయం చేసుకోవడం మేలు.